పన్నెండో ఫాలోవర్

మొదటి సాక్షి గదిలో లైటు వెలిగిన మూడో సెకనుకి చచ్చిపోయాడు.

కిటికీకి మందపాటి పరదా ఉంది. తలుపు బయట ఇద్దరు కాపలా ఉన్నారు. ఫ్లాటులో ఐదు గదులున్నాయి. అతను వంటగదిలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి, పక్కగదిలో అడుగుపెట్టాడు. వీధికి అవతలి నుంచి వచ్చిన ఒకే ఒక్క తూటా పరదాని చీల్చుకుని చెవి వెనక దిగింది. రెండో తూటా అవసరం పడలేదు.

రెండో సాక్షికి పరదాలు చాలవని కిటికీలకి అట్టలు కొట్టారు. నాలుగు రోజుల తర్వాత అతనూ అలాగే పోయాడు.

"చూడకుండా కాల్చారు. గురి తప్పకుండా కాల్చారు," అన్నాడు పెద్దాయన. "ఈ రెండూ ఒకేచోట ఎలా కుదిరాయో నాకు అంతు పట్టడం లేదు."

పెద్దాయన డిపార్ట్‌మెంట్ చీఫ్. ఆ డిపార్ట్‌మెంట్‌కి బోర్డు ఉండదు. ఒక డ్రై క్లీనింగ్ షాపు వెనకగదిలో, ప్లాస్టిక్ కవర్లలో వేలాడే కోట్ల మధ్య ఒక బల్ల, మూడు కుర్చీలు, అంతే. బల్లకి ఇవతల కూర్చున్న ఏజెంటుని అక్కడ పిచ్చుక అంటారు. ఎక్కడ వాలినా ఎవరూ తల తిప్పి చూడరని పెట్టిన పేరు. ఇంట్లోవాళ్ళ లెక్కలో మాత్రం ఆమె వాటర్ ఫిల్టర్ల కంపెనీలో సర్వీస్ సూపర్‌వైజర్. అందుకే నెలకి పదిరోజులు టూర్లు.

పిచ్చుక రెండు హత్యల ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. రక్తం వైపు చూడలేదు. తలుపుల వైపు చూసింది.

"ఇక్కడ మరక లేదు సార్."

"ఏం మరక?"

"ఏ ఇంట్లోనైనా తలుపు పక్కన, స్విచ్‌బోర్డు చుట్టూ, వేళ్ళ మరక ఉంటుంది. ఎంత తోమి తుడిచినా వారం తిరిగేసరికి మళ్ళీ వస్తుంది. ఈ రెండు ఇళ్ళలోనూ గోడ కడిగిన ముత్యంలా ఉంది. ఎందుకంటే స్విచ్చే లేదు. మనిషి కదిలితే లైటు దానంతట అదే వెలుగుతుంది. అంటే మనిషి ఏ మూల ఉన్నాడో లైటుకి తెలుసు. లైటుకి తెలిసిన సంగతి ఇంకెవరికో తెలుస్తోంది."

పెద్దాయన ఫొటోలు తనవైపు తిప్పుకున్నాడు. "అలాంటి లైట్లని మనకీ తెలుసు. అందుకే బయటికి పోయే వైర్లన్నీ కోయించాం. దొరసాని దగ్గరుండి మరీ కోయించింది."

దొరసాని మంచి పేరున్న లైటింగ్ డిజైనర్, సాక్షుల్ని దాచే చోట్లన్నిటికీ లైట్లు పెట్టించింది ఆమే. ఈ దేశపు నౌకాశ్రయాల మ్యాపులు దొంగిలిస్తున్న విదేశీ ముఠాలో రెండేళ్ళుగా మన తరఫున దూరి ఉంది. ముఠా ఆమెని తమ మనిషి అనుకుంటోంది. డిపార్ట్‌మెంట్ తమ మనిషి అనుకుంటోంది.

"ఇద్దరిలో ఒకరు పొరబడుతున్నారు కదా సార్."

"అది మనం కాదు," అన్నాడు పెద్దాయన కాస్త గట్టిగానే. తర్వాత వాచీ చూసుకున్నాడు. "మూడున్నర. టైము లేదు, విను. ముఠా నాయకుడి మొహం ఎవరూ చూడలేదు. గొంతు మాత్రం ముగ్గురు విన్నారు. అనుమానం మీద ఐదుగురిని పట్టుకున్నాం. ఐదుగురూ మర్యాదస్తులే, ఐదుగురి దగ్గరా కాగితాలున్నాయి. సాయంత్రం ఆరున్నరలోపు సాక్షి ఫోనులో గొంతు గుర్తుపట్టకపోతే, కోర్టు ఆర్డరు ప్రకారం ఐదుగురినీ వదిలేయాలి. ఏడింటికి వాళ్ళ విమానం. ఇద్దరు సాక్షులు పోయారు. మిగిలింది ఒక్కరే. ఓ పెద్ద హోటల్లో ముప్పై ఒక్కేళ్ళు టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసి పోయినేడు రిటైరైన ఆవిడ."

పిచ్చుక చేతిలో ఫొటో ఆగిపోయింది.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. "అవును. మీ అత్తగారే."

"మా ఇంట్లో ఆవిడ చెల్లెలి దగ్గరికి వెళ్తున్నానని చెప్పారే."

"అబద్ధాలు మీ ఇంట్లో నువ్వొక్కదానివే చెప్పాలా ఏంటి?" అన్నాడాయన. "ఇలాంటి పనికి సొంతవాళ్ళని పంపకూడదని రూలు. కానీ పొద్దుట్నుంచీ ఇద్దరు గార్డులు ఆవిణ్ణి ఒకచోట కూర్చోబెట్టలేకపోతున్నారు. ఒకడిచేత కిచెన్ అలమరాలు కడిగించింది. లైట్ల మెకానిక్‌లా వెళ్ళు. నువ్వెవరో ఆవిడకి తెలియనివ్వకు. కాలర్ బొత్తాంలో మైకు ఉంటుంది, నేను వింటుంటాను. పక్కనున్న పార్కింగ్ బిల్డింగ్ మేడమీద మన షూటర్లు ఇద్దరుంటారు. ఎక్కడికి గురిపెట్టాలో తెలిస్తేనే వాళ్ళ ఉపయోగం."

*

తొమ్మిదో అంతస్తు. కొత్తగా బాగుచేసిన ఆఫీసు ఫ్లోరు. అట్టలాంటి తేలిక గోడలు, తెల్ల బ్లైండ్లు, రంగు వాసన. గోడలు ఎంత పల్చగా ఉన్నాయంటే పిచ్చుక వేలితో తడితే పక్కగదిలో వినిపించింది. తూటాకి ఇవి గోడలే కావు అనుకుంది. అన్ని గదుల్లోనూ ఒకే ప్రమాదం.

బూడిదరంగు ఓవరాల్, టోపీ, నడుముకి చుట్టిన చిన్న దిండు, బుగ్గ మీద అంటించిన పుట్టుమచ్చ. భుజాన అల్యూమినియం నిచ్చెన. లిఫ్టు దగ్గర దొరసాని ఎదురొచ్చింది. టీ రంగు పట్టు స్కార్ఫ్, నాలుగంగుళాల మడమలు, వాన పడుతున్నా నల్ల కళ్ళద్దాలు. ఆమె సెంటు ఆమెకంటే పదడుగులు ముందే వచ్చింది.

"నిచ్చెన ఎందుకు తెచ్చారు?" అంది. కోడ్ అది.

"మీ సీలింగ్ ఎత్తు ఎవరూ చెప్పలేదు."

దొరసాని నవ్వింది. ఆ నవ్వు డ్రాయింగులో గీసినట్టు ఉంది. "రండి. అయిదు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్తాను. ఈ ఫ్లోర్లో లైట్ల మధ్య కంట్రోల్ వైరు ఏదీ లేదు. అదిగో, ఆ చివర ఎలక్ట్రికల్ గదిలో ఒక పెట్టె ఉంది. దాన్ని లీడర్ అంటాం. మాట చెప్పేది అదొక్కటే. సీలింగులో సబ్బుపెట్టెంత తెల్లడబ్బాలు కనిపిస్తున్నాయా, అవి ఫాలోవర్లు. వాటికి రేడియో తప్ప వేరే దారి లేదు. లీడర్ మాట గాల్లో వింటాయి, పక్కదానికి అందిస్తాయి. ఎక్కడ మనిషి కదిలినా ఆ కబురు అలాగే వెనక్కి తెస్తాయి. నెట్‌వర్క్ ఇంకాస్త దూరం సాగాలంటే గోడలు పగలగొట్టక్కర్లేదు, ఇంకో ఫాలోవర్ బిగిస్తే చాలు."

"అంటే లీడర్‌కి తెలిసింది అన్ని ఫాలోవర్లకీ తెలుస్తుందా?"

"రేడియో అందినంత మేర."

పిచ్చుక ఇంకేదో అడగబోయింది. ఇంతలో హాల్లోంచి గొంతు వినిపించింది.

"బాబూ, ఆ కుర్చీ కాళ్ళు అలా ఈడ్చకు. గీతలు పడతాయి. ఎత్తి పెట్టు."

అత్తగారు హాలు మధ్యలో తడిగుడ్డతో నిలబడి ఉంది. చీరకొంగు నడుముకి దోపుకుంది. ఆరడుగుల గార్డు కుర్చీ ఎత్తుకుని ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతున్నాడు. బల్ల మీద ఆ ఐదు గొంతులూ వినిపించాల్సిన ఫోను. దాని వైరుని ఆవిడ అప్పటికే చక్కగా చుట్టి రబ్బరుబ్యాండు వేసింది.

పిచ్చుక టోపీ ముందుకి లాక్కుని, సీలింగు చూస్తూ ఆవిణ్ణి దాటబోయింది.

"ఏమ్మా మెకానిక్," అంది అత్తగారు బల్ల తుడుస్తూనే, పక్కవాళ్ళకి వినపడనంత నెమ్మదిగా. "నడుముకి దిండు కట్టుకున్నాక బరువు మనిషిలా నడవాలి. నీ నడక నీదే. ఆ పుట్టుమచ్చ కూడా రెండో బుగ్గకయితే నప్పేది."

పిచ్చుక నిచ్చెన కింద పెట్టింది. పదకొండేళ్ళ సర్వీసులో ఆమె వేషం ఎవరూ పట్టుకోలేదు.

"అత్తయ్యా..."

"భోజనం చేశావా?"

"చేశాను."

"అదీ అబద్ధమే." ఆవిడ గుడ్డ మడతపెట్టింది. "సరే, ఏం చెయ్యమంటావో చెప్పు. పొద్దుట్నుంచీ ఒక్కళ్ళూ సరిగ్గా చెప్పి చావడం లేదు. కూర్చోండి, కూర్చోండి అంటారే గానీ ఎందుకో చెప్పరు."

పిచ్చుక చెప్పింది. సీలింగులోని సెన్సర్ కదలికని మాత్రమే పట్టుకుంటుంది. పది నిమిషాలు కదలకుండా ఉంటే గదిలో ఎవరూ లేరనుకుని లైటు ఆర్పేస్తుంది. అప్పుడు ఈ కబుర్లు దొంగతనంగా వింటున్నవాడెవడైనా ఉంటే, వాడికీ ఇక్కడ ఎవరూ లేనట్టే. చిటికెనవేలు కదిలినా లైటు వెలుగుతుంది.

"పది నిమిషాలా?" అంది అత్తగారు. జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతులో భయం వినిపించింది. "వత్తులు చేసుకోనా పోనీ?"

"ఏదీ చెయ్యకూడదు అత్తయ్యా."

"చేతులు కూడానా?"

"చేతులు కూడా."

వెనకనుంచి మడమల టకటక. దొరసాని చేతిలో ప్లాను పట్టుకుని వచ్చింది. "ఒక ఇబ్బంది ఉంది. ఇంతమంది అటూ ఇటూ తిరుగుతుంటే ఏ సెన్సర్‌కి ఎవరు తగులుతున్నారో టెస్ట్ చెయ్యలేం. గార్డుల్ని మెట్ల తలుపు అవతల ఉంచుదాం. మనిద్దరం ఎలక్ట్రికల్ గదిలో ఉంటాం. ఆవిడ ఇక్కడే కూర్చుంటారు. పావుగంట."

మాట సబబుగానే ఉంది. పిచ్చుక సరే అంది. ఆ రోజు ఆమె చేసిన తప్పు అదొక్కటే.

*

ఎలక్ట్రికల్ గది అంటే నిలువు బీరువా కంటే కొంచెం పెద్దది. గోడనిండా ఫ్యూజులు. ఇక్కడ మాత్రం తలుపు పక్కన మామూలు స్విచ్, దాని చుట్టూ నల్లగా వేళ్ళ మరక. కరెంటు తీగల దగ్గర పనిచేసేవాడు కదలకుండా నిలబడితే లైటు ఆరిపోకూడదు కదా. అందుకని ఈ గదికి సెన్సర్ పెట్టరు.

వెంట తెచ్చిన నిచ్చెన గుమ్మం పక్కన ఆనించి, లీడర్ పెట్టె మూత తెరిచి, పిచ్చుక టెస్టర్ తగిలించింది. చేతిలో ఇమిడే చిన్న తెర. ఫాలోవర్ల జాబితా ఒక్కొక్కటిగా వచ్చింది. ఒకటి, సిగ్నల్ బలం తొంభై. రెండు, ఎనభై ఎనిమిది. అలా పదకొండు దాకా. ప్లానులోనూ పదకొండే.

పన్నెండు. సిగ్నల్ బలం పందొమ్మిది.

"ఇదేంటి?"

"పాతది," అంది దొరసాని. గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. "ఎప్పుడో తీసేశారు. జాబితాలోంచి పేరు కొట్టెయ్యడం మా ఫిట్టర్ మర్చిపోయుంటాడు."

పిచ్చుక తలూపింది. టెస్టర్ మూలనున్న గుర్తింపు బొత్తాం నొక్కింది. తీసేసిన డబ్బా అయితే పలకదు.

పన్నెండు పలికింది. తెర మీద చిన్న వరస: ఉన్నాను. నా కింద లైటు ఒకటి.

అంత బలహీనంగా పలికిందంటే అది ఈ ఫ్లోర్లో లేదు. ఈ బిల్డింగులోనే లేదు. కాంక్రీటు గోడ, నలభై అడుగుల వీధి, వానతెర దాటి, ఎదురుగా ఉన్న పన్నెండంతస్తుల ఆఫీసు బిల్డింగులో ఎక్కడో ఉంది. ఇవాళ ఆ ఆఫీసులకి సెలవు, బయట వానమబ్బుకి అప్పుడే చీకటి పడింది. నూట తొంభై రెండు కిటికీలు, అన్నీ చీకటి.

వైర్లు ఎన్ని కోస్తే మాత్రం ఏం లాభం? అది వైరు లేకుండా బతికే డబ్బా. దాని పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నవాడికి తొమ్మిదో అంతస్తులో ప్రతి అడుగూ తెరమీద చుక్కలా కనిపిస్తూనే ఉంది. మరి పొద్దుట్నుంచీ ఎందుకు కాల్చలేదు? సెన్సర్‌కి మనిషి కదిలాడని తెలుస్తుంది గానీ ఏ మనిషో తెలియదు. గార్డులు తిరుగుతున్నంతసేపూ ఏ చుక్క ఎవరిదో వాడికి అంతు చిక్కలేదు.

ఇప్పుడు గార్డులు లేరు. తనూ దొరసానీ సెన్సర్ లేని గదిలో ఉన్నారు. మొత్తం ఫ్లోర్లో మిగిలిన చుక్క ఒక్కటే.

పిచ్చుక వెనక్కి తిరిగేలోపు హాల్లో అద్దం భళ్ళుమంది.

పిచ్చుక చెవులు రిక్కించింది. ఒక సెకను. రెండు.

"అమ్మాయ్," అని పిలుపు వచ్చింది హాల్లోంచి. "కిటికీ పగిలింది. నా తప్పేం లేదు. ఈ మూల కుళాయి చుక్కచుక్కగా కారుతోంటే కట్టేద్దామని లేచాను, కింద నీళ్ళున్నాయని వంగాను, అంతే."

పిచ్చుక మెడవెనక చల్లగా తగిలింది. దొరసాని చేతిలో లిప్‌స్టిక్ గొట్టం. చివర సన్నటి రంధ్రం.

"అదృష్టవంతురాలు మీ అత్తగారు. ఇందాక మీరు అత్తయ్యా అనడం విన్నాను," అంది. కళ్ళద్దాలు తీసేసింది. "మెట్ల తలుపు తాళం నా దగ్గరుంది. గార్డులు గుద్దుతూ కూర్చుంటారు. ఆవిడ మళ్ళీ కదులుతుంది. కదలకుండా ఉండలేదు కదా. రెండోసారి వంగుతుందనుకోను."

"అత్తయ్యా, కదలకండి," అని అరిచింది పిచ్చుక.

"కదలకపోతే ఈ గాజుముక్కలు ఎవరు ఏరతారు? ఎవరైనా తొక్కితే?"

దొరసాని పెదవుల మీద మళ్ళీ ఆ గీసిన నవ్వు. "చూశారా?"

పిచ్చుక చూపు లీడర్ పెట్టె మూత లోపలివైపు అంటించిన కాగితం మీద ఉంది. సన్నటి అక్షరాలు, రెండు కాలమ్‌లు. ఏ వస్తువు కొన్నా దానితో వచ్చిన కాగితం మొదటినుంచి చివరిదాకా చదవకుండా ఆమె ప్లగ్గు పెట్టదు. మిక్సీ అయినా సరే, రేడియో అయినా సరే. ఇందాక మూత తెరవగానే అలవాటుకొద్దీ ఇదీ చదివేసింది.

చెయ్యి మెల్లగా జరిపి లీడర్ ఫ్యూజు ఊడబెరికింది.

పెట్టె మీది పచ్చలైటు ఆరింది. వెలగమనే మాట ఆగిపోవడంతో కారిడార్ చివర హాలు కూడా ఒక్కసారి చీకటైంది. దొరసాని గొట్టం ఇంకా గట్టిగా నొక్కింది.

"తెలివే. ఇప్పుడు మావాడికి ఏమీ కనిపించదు. ఎంతసేపనుకున్నారు? అరవై సెకన్లు. లీడర్ మాట అరవై సెకన్లు వినపడకపోతే ప్రతి ఫాలోవరూ తన కింద ఉన్న లైటు ఫుల్‌గా వెలిగించేస్తుంది. చీకట్లో జనం మెట్లమీంచి పడకూడదని చట్టం. అప్పుడు ఆ తెల్ల బ్లైండ్ల వెనక మీ అత్తగారు సినిమా తెరమీద బొమ్మలా కనిపిస్తారు. సెన్సర్ కూడా అక్కర్లేదు."

"కాగితంలో అలాగే ఉంది," అంది పిచ్చుక. "నలభై ఎనిమిది సెకన్లున్నాయి. దాని కింద ఇంకో లైనుంది, చదివారా?"

"నేను డిజైనర్ని. కాగితాలు ఫిట్టర్లు చదువుతారు."

"మీ ఫిట్టర్ చదివాడు. కనీసం ఒక్క లైటైనా తగిలించకపోతే కొత్త ఫాలోవర్ని లీడర్ ఒప్పుకోదట. పాపం పనిమంతుడు. ఎదురింట్లో పన్నెండోదాన్ని బిగించి, ఆ గదిలో లైటే ఒకటి దానికి తగిలించాడు. తర్వాత ఇక్కడి నుంచి ఆర్పేశాడు. అది ఇప్పటిదాకా ఆరిపోయే ఉంది. ఎందుకంటే లీడర్ ఆరమంది. ఇప్పుడు లీడర్ లేదు."

టెస్టర్ తెరలో దొరసాని మొహం మొదటిసారి డ్రాయింగులా కాకుండా మనిషి మొహంలా కనిపించింది.

"మీరు గీతలు గీస్తారు. ఎక్కి బిగించేవాడు ఇంకొకడు. ఏం బిగించావని అతన్ని ఒక్కసారి అడిగి ఉండాల్సింది." పిచ్చుక గడ్డం కిందికి దించి, కాలర్ బొత్తాంతో మాట్లాడింది. "సార్, విన్నారుగా. ముప్పై ఐదు సెకన్లు. ఎదురు బిల్డింగులో ఒకే ఒక్క కిటికీ వెలుగుతుంది. అదే."

దొరసాని రెండో చెయ్యి హ్యాండుబ్యాగులో ఫోను కోసం వెళ్ళింది. ఆ అర సెకను చాలు. పిచ్చుక కాలితో నిచ్చెనని తన్నింది. అల్యూమినియం నిచ్చెన ఫెళ్ళున పడి దొరసాని నాలుగంగుళాల మడమని గుమ్మానికి అదిమేసింది. లిప్‌స్టిక్ పేలింది. తూటా ఫ్యూజుల్లో దిగింది. గదిలో లైటూ పోయింది. ఫోను ఎక్కడో జారిపోతున్న చప్పుడయింది. పిచ్చుక దాన్ని బూటుతో తొక్కి, కారిడార్లోకి పరుగెత్తింది.

ఇరవై సెకన్లు. నడుముకి కట్టిన దిండు జారి కాళ్ళకి అడ్డం పడింది. తన్నేసింది.

పదిహేను. హాలు చీకటి. పగిలిన కిటికీలోంచి వానజల్లు, బ్లైండ్లు టపటపా కొట్టుకుంటున్నాయి. వాటి వెనక నిలువుగా ఒక ఆకారం.

"అత్తయ్యా, నేలమీద పడుకోండి."

"ఇక్కడా? ఈ గాజుముక్కల మీదా? ఊడవనీ ముందు."

"అత్తయ్యా."

"చీపురు ఎక్కడ పెట్టారో చెప్పమంటే చెప్పడు ఆ అబ్బాయి..."

ఎనిమిది. ఏడు. పెళ్ళయిన ఏడేళ్ళలో పిచ్చుక అత్తగారి మాటకి ఎదురు చెప్పింది లేదు. ఇప్పుడు కూడా చెప్పలేదు. వంగి ఆవిడ రెండు మోకాళ్ళూ చుట్టేసి, గాజు లేని పక్కకి లాగింది. ఇద్దరూ కలిసి బల్లకింద పడ్డారు. ఆవిడ తల తగలకుండా తన మోచెయ్యి అడ్డం పెట్టింది. మోచేతిలో ఏదో కలుక్కుమంది.

"ఇదేం పద్ధతే?"

లైట్లు వెలిగాయి.

పగలు పదింతలైనట్టు తొమ్మిదో అంతస్తు మొత్తం తెల్లగా మండింది. ఆ సెకనులోనే వీధికి అవతల, నూట తొంభై రెండు చీకటి కిటికీల మధ్య, అదే ఎత్తున ఎడమనుంచి మూడోది భగ్గున వెలిగింది. పొద్దుట్నుంచీ చీకటిగదికి కళ్ళు అలవాటు చేసుకుని తుపాకీ మీద వాలి ఉన్న మనిషి, నెత్తిన లైటుతో, దుకాణంలో బొమ్మలా కూర్చుని కనిపించాడు. అతని వేలు నొక్కింది. తూటా బల్ల పైనుంచి పోయి వెనక గోడలో, ఆ వెనక గోడలో, ఆ వెనక కిచెన్ అలమరాలో ఆగింది. పార్కింగ్ మేడమీది నుంచి వచ్చిన తూటా మాత్రం ఒక్కచోటే ఆగింది. అతని కుడి భుజంలో.

కాలర్ బొత్తాం గురగురలాడింది. "అయిపోయింది," అన్నాడు పెద్దాయన. ఆయన గొంతు అంత సన్నగా ఉండగలదని పిచ్చుకకి తెలియదు. "ఆవిడ ఎలా ఉన్నారు?"

బల్ల కిందనుంచి అత్తగారు జవాబు చెప్పింది. "చీర చిరిగింది."

*

ఆరు గంటల ఇరవై నాలుగు నిమిషాలకి ఫోను మోగింది. అప్పటికే మెట్ల తలుపు బద్దలుకొట్టి వచ్చిన గార్డులు దొరసానిని కుంటించుకుంటూ తీసుకెళ్ళారు. వెళ్తూ ఆమె ఒక్క మాటే అంది, ఆ ఫిట్టర్ సంగతి చూస్తానని.

ఐదు గొంతులకీ ఒక పేరా చదవమని కోర్టు కాగితం ఇచ్చింది. మొదటివాడు చదవడం మొదలుపెట్టగానే అత్తగారు ఆపేసింది.

"ఇలా చదివితే నాకేం తెలుస్తుంది బాబూ? పాఠం చదివేటప్పుడు అందరి గొంతూ ఒకటే. ఐదుగురినీ పొద్దున ఐదున్నరకి లేపమని అడగమనండి. హోటల్లో ఆపరేటర్ని అడిగినట్టు."

అవతల గుసగుసలు. కోర్టు మనిషి ఒప్పుకున్నాడు. ఒకడు దర్జాగా అడిగాడు. ఒకడు విసుగ్గా అడిగాడు. మూడోవాడు దగ్గుతూ, గొంతు బొంగురుచేసి అడిగాడు. నాలుగు, ఐదు మామూలుగా.

అత్తగారు కళ్ళు మూసుకుని విన్నది. ఆ రెండు నిమిషాలూ ఆవిడ చేతులు బల్ల మీద రాళ్ళలా ఉన్నాయి.

"రెండో ఆయన."

"దగ్గినవాడు కాదా?" అన్నాడు కోర్టు మనిషి.

"అతనెవరో నిజంగానే జలుబు మనిషి, వదిలెయ్యండి. రెండో ఆయన టైము చెప్పేముందు ఊపిరి లోపలికి పీలుస్తాడు. తన గడియారం చూసుకుంటాడన్నమాట. ఎప్పుడూ చూసుకున్నాకే చెప్తాడు. పదకొండేళ్ళలో తొమ్మిది పేర్లతో దిగాడు మా హోటల్లో. తొమ్మిది పేర్లకీ అదే ఊపిరి."

ఫోనుకి అవతల కుర్చీ ఒకటి దభాలున పడ్డ చప్పుడయింది. ఎవరో పరుగెత్తారు. ఎవరో పట్టుకున్నారు. ఆరు ఇరవై తొమ్మిది.

డిపార్ట్‌మెంట్ కారులో ఇంటికి వెళ్తుంటే వాన వెలిసింది. అత్తగారు కారు అద్దం మీది మరకని కొంగుతో తుడుస్తోంది. పిచ్చుక మోచేతికి కట్టు. ఇంట్లో ఏం చెప్పాలా అని దారి పొడుగునా కథ అల్లుతూ వచ్చింది. ఫిల్టర్ల గోడౌను, తడిమెట్లు, కాలు జారడం.

"అత్తయ్యా, ఈ సంగతి మీ అబ్బాయికి..."

"నేనెందుకు చెప్తాను? మా చెల్లెలింట్లో ఉన్నాగా నేను." ఆవిడ మరక పోయిందో లేదో తల వంచి చూసుకుంది. "ముప్పై ఒక్కేళ్ళలో ఎవరి సంగతీ ఎవరికీ చెప్పలేదు. నీ సంగతి మాత్రం చెప్పానా?"

పిచ్చుక నెమ్మదిగా తల తిప్పింది. "నా సంగతా?"

"మా హోటలుకి నాలుగు పేర్లతో ఫోను చేసేదానివి. మొదటి మూడూ పర్వాలేదు. నాలుగో ఆవిడ మాత్రం మరీ మర్యాదస్తురాలు. అంత మర్యాదగా నువ్వు మాతో ఎప్పుడూ మాట్లాడలేదు."